నిప్పుకొండ ఎక్కేముందు నేస్తాన్ని చూసుకోండి

తెనాలి నుంచి ఒక తల్లి ఉత్తరం రాశారు. బెంగుళూరులో ఉద్యోగం చేస్తున్న ఆమె కుమారుడు తన స్నేహితుడితో కలిసి నెలరోజులపాటు ఇండోనేషియా తిరిగి రావడానికి సిద్ధమవుతున్నాడట. పెద్ద హోటళ్ళూ, కార్లూ ఏమీ లేవు. వీపున ఒక సంచి, అంతే. బస్సుల్లోనూ, పడవల్లోనూ జావా నుంచి బాలీకి, బాలీ నుంచి లోంబోక్‌కు పోతారట. దారిలో ఉన్న అగ్నిపర్వతాలన్నీ ఎక్కుతారట. "వద్దంటే వినడు. వాడికి ఏయే మందులు కట్టి ఇవ్వమంటారు? దయచేసి జాబితా రాయండి" అని ఆమె అడిగారు.

జాబితా తప్పకుండా రాస్తాను. కాని దానికన్నా ముందు నేనే ఆమెను ఒక ప్రశ్న అడగాలి. అమ్మా, మీ అబ్బాయితో వెళుతున్న ఆ స్నేహితుడు ఎలాంటివాడు? మీవాడు "నాకేం కాలేదు, పద" అన్నప్పుడు, "కాదు, నీకు ఒంట్లో బాగాలేదు, దిగిపోదాం" అని గట్టిగా చెప్పగలవాడేనా? చెబితే మీవాడు వింటాడా?

ఈ ప్రశ్న పుస్తకాల్లోంచి వచ్చింది కాదు. 2023 జులైలో నేనూ, నా చిన్ననాటి మిత్రుడూ ఆ దారినే తిరిగివచ్చాం. నేను జిల్లా ఆసుపత్రిలో పనిచేసే ప్రభుత్వ డాక్టరును. అతను కాలేజీలో లెక్కల లెక్చరరు. ఇద్దరికీ యాభై దాటాయి. సెలవు పెట్టి, విదేశం వెళ్ళడానికి శాఖ నుంచి అనుమతి తెచ్చుకుని, మూడు వారాలు తిరిగాం. మందుల సంచీ నాది, లెక్కల పుస్తకం అతనిది. చివరకు నా ప్రాణానికి ముప్పు వచ్చినప్పుడు అక్కరకు వచ్చింది నా మందుల సంచీ కాదు. ఆ కథ తర్వాత చెబుతాను. ముందు వరసగా కొన్ని విషయాలు చూద్దాం.

భయపడవలసింది దేనికి?

అగ్నిపర్వతం అనగానే ఎర్రగా పారే లావాయే మన కళ్ళముందు కనబడుతుంది. ఇండోనేషియాలో సుమారు 130 సజీవ అగ్నిపర్వతాలున్నాయి. వాటి ఒళ్ళోనే లక్షలాది మంది పంటలు పండించుకుంటూ కాపురాలు చేస్తున్నారు. యాత్రికుల్ని బాధపెట్టేవి ఎక్కువగా లావా కాదు. విరేచనాలు, ఎండ, చలి, దోమ, కుక్క, కాలుజారడం, పైకి పోయేకొద్దీ పలచబడే గాలి — ఇవీ శత్రువులు.

అలాగని నిప్పును తేలికగా తీసుకోమనడం లేదు. 2023 డిసెంబరు 3న పశ్చిమ సుమత్రాలోని మరాపీ పర్వతం ఉన్నట్టుండి పేలి, కొండ ఎక్కుతున్నవారిలో ఇరవైమందికి పైగా చనిపోయారు. ఇండోనేషియాలో అగ్నిపర్వతాలకు నాలుగు హెచ్చరిక మెట్లు ఉంటాయి. ఒకటి అంటే మామూలు, నాలుగు అంటే ఖాళీ చేయండి అని. మరాపీ ఆ రోజున రెండో మెట్టులో ఉంది. బిలానికి 3 కిలోమీటర్ల లోపలికి పోవద్దన్న సూచన కూడా ఉంది. "రెండే కదా" అనుకోవడం ఎంత పొరపాటో దీన్నిబట్టి తెలుస్తుంది. కొండ ఎక్కే రోజు పొద్దున ఆ మెట్టు ఎంతో, ఎంత దూరం వరకు పోనిస్తున్నారో అక్కడి అధికారులను అడిగి తెలుసుకోవాలి. మూసిన దారిలో "అక్కడిదాకా వెళ్ళివస్తాం" అంటూ పోకూడదు. ఇది వైద్యం కాకపోయినా, అన్ని మందులకన్నా ముందుది.

ఇల్లు కదలక ముందు

ప్రయాణానికి ఆరు వారాల ముందే డాక్టరును కలవండి. టైఫాయిడ్, హెపటైటిస్ ఎ టీకాలు, ధనుర్వాతం ఇంజక్షను ఎప్పుడు వేయించుకున్నారో చూసుకోండి. పల్లెలు తిరిగేవారు కుక్కకాటు టీకా ముందుగానే వేయించుకోవడం మంచిది. ఎందుకో కింద చెబుతాను. నలభై దాటినవారు రక్తపోటు, చక్కెర, గుండె పరీక్ష చేయించుకోకుండా బయలుదేరవద్దు. రెండు అంతస్తులు ఎక్కితే ఆయాసం వచ్చేవారికి పర్వతం ఎక్కడానికి ముందు వైద్యం కావాలి.

కొత్త బూట్లతో కొండ ఎక్కేవాడికి మొదటి రోజునే మడమలు బొబ్బలెక్కుతాయి. కనీసం నెలరోజులు ముందు కొని, అవి వేసుకుని రోజూ నడవండి. కాలిగోళ్ళు పొట్టిగా కత్తిరించుకోండి. కొండ దిగేటప్పుడు వేళ్ళు బూటు ముందు భాగానికి కొట్టుకుని గోళ్ళ కింద రక్తం గడ్డకడుతుంది. సాధనకు దూరం పోనక్కరలేదు. తిరుపతి దగ్గర ఉన్నవారికి అలిపిరి మెట్లు 3,550 ఉండనే ఉన్నాయి. వీపున ఐదారు కిలోల బరువు వేసుకుని ఎక్కండి. అంతకన్నా ముఖ్యం, నడిచి దిగండి. మోకాళ్ళు నొప్పెట్టేది ఎక్కేటప్పుడు కాదు, దిగేటప్పుడు. చేతికర్ర ఒకటి ఉంటే మోకాళ్ళ మీద భారం బాగా తగ్గుతుంది. మావాడు మొదట కర్రను చూసి "ముసలివాళ్ళమైపోయామా?" అని నవ్వాడు. మూడోనాటికి నా కర్ర అతని చేతిలో ఉంది.

కడుపు సంగతి

ఉష్ణదేశాల్లో తిరిగేవారిని అన్నిటికంటె ఎక్కువగా పడుకోబెట్టేది విరేచనాలు. మన ఊళ్ళ నీళ్ళు తాగి పెరిగాం, మనకేం అవుతుంది అనుకోవద్దు. మన పేగులకు అలవాటైన సూక్ష్మజీవులు వేరు, అక్కడివి వేరు. కళ్ళముందు వేయించిన అన్నం, పొగలు కక్కే చారు తినండి. కోసి ఉంచిన పండ్లు, ఐసు ముక్కలు వేసిన రసాలు మానండి. అరటిపండు, నారింజ లాంటివి మీరే ఒలుచుకుని తినండి. నీళ్ళు బాగా తెర్లిన తర్వాత ఒక నిమిషం మరిగిస్తే చాలు. 2,000 మీటర్లు దాటిన ఎత్తులో నీరు తక్కువ వేడికే మరుగుతుంది కనుక మూడు నిమిషాలు మరగనివ్వాలి.

విరేచనాలు పట్టుకుంటే మొదటి మందు ఉప్పుచక్కెర నీళ్ళు. ఓ.ఆర్.ఎస్. పొట్లం లేకపోతే లీటరు మంచినీళ్ళలో ఆరు టీస్పూన్ల చక్కెర, అర టీస్పూను ఉప్పు, స్పూను అంచుదాకా గీసి, కలుపుకోండి. దీన్ని చిన్నచూపు చూడకండి. 1971లో బంగ్లాదేశ్ కాందిశీకుల శిబిరంలో, బన్‌గాఁవ్‌లో, సెలైన్ సీసాలు అయిపోయినప్పుడు డాక్టరు దిలీప్ మహలనబీస్ ఈ నీళ్ళనే డ్రమ్ముల్లో కలిపి కలరా రోగులకు తాగించారు. నూటికి ముప్పైమంది చనిపోతున్న చోట ఆ సంఖ్య నాలుగు లోపలికి దిగింది. అంతటి మందు ఇది.

జ్వరం ఉన్నా, విరేచనంలో రక్తం కనిపించినా, విరేచనాలు బిగించే మాత్రలు వేసుకోకూడదు. డాక్టరును చూడాలి. కడుపు చెడ్డ మర్నాడు కొండ ఎక్కడం అసలే వద్దు. నీరు ఇంకిపోయిన శరీరానికి పైన చలీ, పలచని గాలీ తోడైతే మనిషి నిలవలేడు.

ఇంకొక్క మాట. ఆ దీవుల్లో అరక్ అనే నాటు సారా దొరుకుతుంది. కల్తీ సరుకులో మిథనాల్ కలిసి చూపు పోయినవారూ, ప్రాణం పోయినవారూ ఉన్నారు. ఎవరో ప్రేమగా పోశారని తాగవద్దు. ఎత్తైన చోట ఏ మద్యమూ వద్దు.

దోమ, కుక్క, కోతి

డెంగీ దోమ పగటిపూట కుట్టేది. రాత్రి దోమతెర కట్టుకుని, పగలు చొక్కా విప్పి సముద్రం ఒడ్డున పడుకుంటే ఏం లాభం? నిండు చేతుల చొక్కా, ఒంటికి పూసుకునే దోమల మందు వాడండి. జ్వరం వస్తే పారాసిటమాల్ తప్ప వేరే నొప్పి మాత్రలు ముట్టుకోకండి. ఆస్పిరిన్, ఐబూప్రొఫెన్ లాంటివి డెంగీలో రక్తస్రావాన్ని పెంచుతాయి. జ్వరం తగ్గగానే గండం గడిచిందనుకోవద్దు. డెంగీలో అసలు ప్రమాదం చాలాసార్లు జ్వరం దిగే రోజుల్లోనే వస్తుంది. కడుపునొప్పి, ఆగని వాంతులు, చిగుళ్ళనుంచి రక్తం, మనిషి మందంగా అయిపోవడం కనిపిస్తే వెంటనే ఆసుపత్రికి పోవాలి. మలేరియా భయం బాలీ, జావా యాత్రాస్థలాల్లో చాలా తక్కువ. తూర్పున పాపువా వైపు పోయేవారు మాత్రం ముందుజాగ్రత్త మాత్రల గురించి డాక్టరుతో మాట్లాడాలి.

బాలీలో 2008 నుంచి కుక్కలకు రేబీస్ ఉంది. గుళ్ళ దగ్గర కోతులు మన చేతిలోంచి అరటిపండు లాక్కునేటప్పుడు గీకుతాయి, కరుస్తాయి. గాయం చిన్నదే కదా అని వదిలేయవద్దు. సబ్బుతో, ధారగా పడే నీటికింద పదిహేను నిమిషాలు కడగండి. ఆ రోజే టీకా మొదలుపెట్టండి. యాత్ర సగంలో ఉందని, ఇంటికి వెళ్ళాక వేయించుకుంటానని వాయిదా వేయకండి. రేబీస్ లక్షణాలు బయటపడ్డాక డాక్టర్లు చేయగలిగింది దాదాపు ఏమీ లేదు. ముందే టీకా వేయించుకున్నవారికి కరిచిన తర్వాత రెండు ఇంజక్షన్లతో సరిపోతుంది. దీవుల్లో దొరకడం కష్టమైన సీరం అవసరం పడదు. టీకా ముందే వేయించుకొమ్మన్నది అందుకే.

గంధకం పొగ

జావా తూర్పు కొసన ఇజెన్ అనే పర్వతం ఉంది. దాని బిలంలో సుమారు ఒక కిలోమీటరు వెడల్పున పచ్చగా మెరిసే సరస్సు ఉంది. చూడటానికి పాచి పట్టిన కోనేరులా ఉంటుంది గాని, అందులో ఉన్నది ఘాటైన ఆమ్లం. ప్రపంచంలో ఇంత పెద్ద ఆమ్ల సరస్సు మరొకటి లేదు. గంధకం ఆవిర్లు మండి, రాత్రివేళ నీలిమంటలుగా కనిపిస్తాయి. వాటిని చూడటానికి జనం అర్ధరాత్రి దాటాక బయలుదేరి ఎక్కుతారు. ఆ పొగలోంచే అక్కడి కూలీలు డెబ్బై కిలోలకు తగ్గని గంధకం గడ్డలు కావడిలో భుజాన వేసుకుని పైకి వస్తుంటారు. మూతికి తడిగుడ్డ, అంతే రక్షణ. ఒక కూలీ ఆగి కావడి దించుకుంటే నేను అతని భుజం చూశాను. ఏళ్ళతరబడి బరువు మోసి అక్కడ కండ గడ్డకట్టి గుండ్రాయిలా అయింది. మేము సరదాకు పీల్చడానికి వెళ్ళిన పొగ అతనికి బతుకుతెరువు. సిగ్గనిపించింది.

ఈ పొగ సంగతి శ్రద్ధగా వినండి. అందులో ఉండే సల్ఫర్ డయాక్సైడ్ గొంతు పట్టేస్తుంది, కళ్ళు మండిస్తుంది. ఉబ్బసం ఉన్నవారికి కొద్దిపాటి పొగ తగిలినా ఆయాసం ముంచుకొస్తుంది. వారు బిలంలోకి దిగనే కూడదు. పై అంచున నిలబడి చూసి రావాలి. కాంటాక్టు లెన్సులు తీసి కళ్ళద్దాలు పెట్టుకోవాలి. కొండ మొదట్లో అద్దెకిచ్చే ముసుగులు కొంతవరకే రక్షణ. వాటిలో వడపోత ఎంత పాతదో ఎవరికి తెలుసు? గాలి మీవైపు తిరిగితే ముసుగు ఉన్నా పక్కకు తప్పుకోండి.

రెండోది కుళ్ళిన కోడిగుడ్డు వాసన వేసే హైడ్రోజన్ సల్ఫైడ్. దీని మాయ ఏమిటంటే, మోతాదు పెరిగేసరికి ముక్కుకు వాసన తెలిసే శక్తినే చంపేస్తుంది. వాసన పోయింది కనుక గాలి బాగుపడిందనుకోవడం అక్కడ ప్రాణాంతకం. మూడోది బొగ్గుపులుసు వాయువు. దీనికి రంగూ, వాసనా లేవు. గాలికంటె బరువైనది కనుక పల్లాల్లో నీళ్ళలా నిలుస్తుంది. 1979 ఫిబ్రవరిలో జావాలోని దియెంగ్ పీఠభూమిలో చిన్న పేలుడుకు భయపడి ఊళ్ళోంచి పారిపోతున్న జనం ఈ వాయువులో చిక్కుకుని, 140 మందికి పైగా దారిలోనే కూలిపోయారు. దీన్ని ఏ గుడ్డా ఆపలేదు. కాబట్టి బిలాల దగ్గర గుంటల్లో కూర్చుని విశ్రాంతి తీసుకోవద్దు. ఎప్పుడూ మిట్టమీద, గాలి వచ్చే వైపు నిలబడండి.

పొగ తర్వాత ప్రమాదం అంచులది. 2024 ఏప్రిల్‌లో ఇదే ఇజెన్ మీద ఒక విదేశీ యాత్రికురాలు ఫోటో దిగుతూ వెనక్కు అడుగువేసి జారిపడి చనిపోయారు. ఫోటో తీసే స్నేహితుడు చూడవలసింది ముందు నేలను, ఆ తర్వాతే ముఖాన్ని.

ఎత్తు, చలి — నా కథ

ఇక నా సంగతి. లోంబోక్ దీవిలో రింజానీ పర్వతం 3,726 మీటర్ల ఎత్తు. ఇండోనేషియా అగ్నిపర్వతాల్లో రెండో ఎత్తైనది. తూర్పు వైపున సెంబలూన్ అనే ఊరి దగ్గర సుమారు 1,150 మీటర్ల ఎత్తున నడక మొదలవుతుంది. ఆ సాయంత్రానికే 2,639 మీటర్ల దగ్గర బిలం అంచున గుడారం వేస్తారు. మర్నాడు రాత్రి రెండు గంటలకు లేచి శిఖరానికి పోతారు. అంటే ఒకటిన్నర రోజుల్లోపలే 2,500 మీటర్లకు పైగా ఎక్కడమన్నమాట. మన రెండు తెలుగు రాష్ట్రాల్లో 2,000 మీటర్ల కొండ ఒక్కటి కూడా లేదు. పలచని గాలి అంటే ఏమిటో మన ఒంటికి అనుభవం లేదు. శిఖరం దగ్గర ఒక గుక్క గాలిలో దొరికే ప్రాణవాయువు సముద్రతీరంలో దొరికేదానిలో మూడింట రెండు వంతులే.

చలి కూడా అంతే. ఎత్తు ప్రతి 1,000 మీటర్లకు వేడి సుమారు 6 డిగ్రీలు తగ్గుతుంది. తీరంలో రాత్రి 24 డిగ్రీలుంటే, శిఖరం మీద 2 డిగ్రీలు. దానికి ఈదురుగాలి తోడు. ఉష్ణదేశం కదా అని పలచని చొక్కాలు సర్దుకుపోయేవారు ఇక్కడే దెబ్బతింటారు. నూలు బనీను చెమటకు తడిసిందంటే ఒంట్లో వేడినంతా లాగేస్తుంది. గుడారానికి చేరగానే తడిబట్టలు విప్పి పొడి ఉన్నిబట్టలు వేసుకోవాలి. ఈ మాట నేను మావాడికి చెప్పాను. అతను వేసుకున్నాడు. నేను మాత్రం, ఆకలిగా ఉంది, తిన్నాక మార్చుకుంటానని తడి బనీనుతోనే గంటసేపు కూర్చున్నాను.

ఆ రాత్రి తలనొప్పి మొదలైంది. టీ తాగక వచ్చిందనుకున్నాను. అన్నం సహించలేదు. నూడిల్సు పడలేదనుకున్నాను. నిద్ర పట్టలేదు. గుడారం కొత్త అనుకున్నాను. చూశారా, ప్రతి లక్షణానికీ ఒక సాకు దొరికింది. ఇదే తలనొప్పి, వికారం, నిద్రలేమి నా దగ్గరకు ఒక రోగి తీసుకొస్తే అర నిమిషంలో చెప్పేవాణ్ణి, ఇది ఎత్తువల్ల వచ్చే జబ్బని. నాకు నేనే రోగినయ్యేసరికి చెప్పలేకపోయాను.

రెండు గంటలకు నడక మొదలుపెట్టాం. శిఖరం దారి అంతా వదులు రాళ్ళపొడి. రెండడుగులు పైకి వేస్తే ఒకడుగు కిందికి జారుతాం. గంట గడిచేసరికి ఒకసారి వాంతి అయింది. బూటు తాడు ఊడితే కట్టుకోవడానికి వంగాను. వేళ్ళు ముడి వేయలేకపోయాయి. మావాడు సాయం చేయబోతే విసుక్కున్నాను. "నీకేం తెలుసురా, నేను డాక్టర్ని" అన్నాను. ఈ మాట నేను అన్నట్టు నాకు జ్ఞాపకం లేదు. తర్వాత అతను చెబితేనే తెలిసింది.

బయలుదేరేముందు ఊళ్ళోనే నేను అతనికి ఒక పరీక్ష నేర్పి ఉన్నాను. పైకి పోయాక ఎవరికైనా అనుమానం వస్తే నేలమీద గీత గీసి, ఒక కాలి మడమకు రెండో కాలి బొటనవేలు ఆనించుకుంటూ పది అడుగులు నడిపించాలి. తాగినవాడిలా పక్కకు తూలితే మెదడుకు నీరు చేరడం మొదలైందని అనుమానించాలి. ఇక ఒక్క అడుగు కూడా పైకి పోకూడదు. అతను రాళ్ళు కాస్త తక్కువగా ఉన్న చోట కర్రతో గీత గీశాడు. "నడువురా" అన్నాడు. నేను నవ్వి నడిచాను. నాలుగో అడుగులో గీత అవతల ఉన్నాను. మళ్ళీ నడిపించాడు. మళ్ళీ అంతే.

"దిగుతున్నాం" అన్నాడు. శిఖరం ఇంకా రెండు గంటల దూరం అనీ, ఇంత ఖర్చు పెట్టి వచ్చామనీ, కాస్త కూర్చుంటే సర్దుకుంటుందనీ వాదించాను. అతను వాదించలేదు. "ఒప్పందం ఒప్పందమేరా. ఎవరు దిగుదామన్నా ఇద్దరం దిగాలి. రాసుకున్నది నువ్వే" అని నా చెయ్యి పట్టుకుని గైడును పిలిచాడు. చీకట్లో ఒకరు ముందు, ఒకరు వెనక నన్ను మధ్యన పెట్టుకుని దించారు. గుడారం దగ్గర ఆగనివ్వలేదు. పొడిబట్టలు వేయించి, వేడినీళ్ళు తాగించి, తెల్లవారుతుండగా ఇంకా కిందికి నడిపించారు. 2,000 మీటర్ల దగ్గరకు వచ్చేసరికి తల తేలికపడింది. ఆకలి వేసింది. అప్పుడు వెనక్కు తిరిగి చూస్తే శిఖరం మీద ఎండ పడుతోంది. నేను దానిమీద నిలబడలేదు. ఇక నిలబడను కూడా. కాని ఈ పేజీ రాస్తున్నాను.

ఆ రాత్రి నాకు చలీ, ఎత్తూ రెండూ కలిసి కొట్టాయి. ఈ రెండింటికీ ఒకే గుణం. అవి ముందుగా దెబ్బతీసేది కాళ్ళను కాదు, వివేకాన్ని. జబ్బుపడ్డవాడికి తాను జబ్బుపడ్డట్టు తెలియదు. డాక్టరయినా సరే తెలియదు. కనుక ఆ తెలివి పక్కవాడి దగ్గర ఉండాలి. తూలడం, గొణగడం, వేళ్ళు తడబడటం, ఉత్తపుణ్యానికి విసుక్కోవడం — ఈ నాలుగింటిలో ఏది కనిపించినా స్నేహితుడు జాగ్రత్తపడాలి. విశ్రాంతిగా కూర్చున్నా ఆయాసం తగ్గకపోతే, దగ్గుతో నురగ పడితే, ఊపిరితిత్తుల్లో నీరు చేరుతోందని అర్థం. వీటికి అసలైన మందు ఒక్కటే. కిందికి దిగడం. తెల్లవారేదాకా ఆగుదాం అనుకోకూడదు. జబ్బుపడినవాణ్ణి ఒంటరిగా దించకూడదు.

ఎత్తుజబ్బు రాకుండా అసిటజోలమైడ్ అనే మాత్ర ఉంది. దాన్ని డాక్టరు రాసిస్తేనే, బయలుదేరే ముందురోజు నుంచి వాడాలి. సల్ఫా మందులు పడనివారు తప్పక చెప్పాలి. అయితే ఆ మాత్ర మింగి పరుగెత్తి ఎక్కవచ్చని కాదు. నిద్రమాత్రలు మాత్రం పైన వేసుకోకండి. వీలుంటే మొదట తక్కువ ఎత్తున్న కొండలు, 2,329 మీటర్ల బ్రోమో లాంటివి చూసుకుని, రింజానీకి ఒకరోజు అదనంగా పెట్టుకోండి.

ఈ మాటలు ఇండోనేషియా వెళ్ళేవారికే కాదు. మన ఇళ్ళలోని పెద్దలు 3,583 మీటర్ల కేదారనాథ్‌కు రెండు రోజుల్లో పోయివస్తున్నారు. మొక్కు తీర్చుకోవాలన్న పట్టుదలతో తలనొప్పిని దాచుకుంటారు. వారి పక్కన నడిచేవారికీ ఈ గీత పరీక్ష తెలిసి ఉండాలి.

స్నేహితుల ఒప్పందం

2025 జూన్‌లో ఇదే రింజానీ మీద బ్రెజిల్ నుంచి వచ్చిన ఒక యువతి లోయలోకి జారిపోయింది. అలసిపోయి వెనకబడితే మిగిలినవారు ముందుకు సాగారని వార్తల్లో వచ్చింది. మంచూ, లోతూ అడ్డుపడి రక్షకులు ఆమెను చేరేసరికి రోజులు గడిచాయి. ప్రాణం దక్కలేదు. ఆ కుటుంబం దుఃఖం మాటలకు అందేది కాదు. మనం నేర్చుకోవలసింది ఒక్కటే. కొండమీద గుంపు నడక అందరికంటె నెమ్మదిగా నడిచేవాడి నడకే కావాలి.

కనుక బయలుదేరేముందు ఇద్దరు స్నేహితులూ కూర్చుని కాగితం మీద రాసుకోండి. ఒకటి: ఎవరు దిగుదామన్నా ఇద్దరూ దిగాలి, కారణం కిందికి వచ్చాక మాట్లాడుకోవచ్చు. రెండు: కంటికి కనిపించనంత దూరం ఒకరినొకరు వదలకూడదు. మూడు: ఒకరి జబ్బులు, మందులు, రక్తం గ్రూపు, ఇంటి ఫోను నంబరు రెండోవారి జేబులో ఉండాలి. నాలుగు: తలనొప్పి, వాంతి, విరేచనం దాచకూడదు. ఐదు: ఇన్ని గంటలకు ఎక్కడున్నా సరే వెనక్కు తిరగాలి అని ముందే గంట పెట్టుకోవాలి. ప్రయాణ బీమా తీసుకునేటప్పుడు ఎంత ఎత్తు వరకు వర్తిస్తుందో, కొండమీదనుంచి దించే ఖర్చు ఇస్తారో లేదో చదివి సంతకం పెట్టండి.

ఇంటికి వచ్చాక

సంచి దించగానే యాత్ర అయిపోలేదు. తిరిగివచ్చిన రెండు వారాల్లో జ్వరం వస్తే డెంగీ, టైఫాయిడ్ గుర్తుకు రావాలి. వాగుల్లో, బురదలో నడిచినవారికి ఎలుకల మూత్రం వల్ల వచ్చే లెప్టోస్పైరోసిస్ కూడా రావచ్చు. మలేరియా నెలల తర్వాత కూడా బయటపడవచ్చు. డాక్టరు దగ్గర కూర్చోగానే మొదటి మాటగా "ఫలానా దేశం వెళ్ళివచ్చాను" అని చెప్పండి. ఆ ఒక్క మాట ఎన్నో అనవసర పరీక్షలను తప్పిస్తుంది.

ఇక ఆ తల్లి అడిగిన జాబితా. ఓ.ఆర్.ఎస్. పొట్లాలు పది. పారాసిటమాల్ మాత్రలు. వాంతికి, విరేచనాలకు డాక్టరు రాసిచ్చిన మందులు. బొబ్బలకు ప్లాస్టరు, గాయాలకు అయోడిన్ మందు, దూది, కట్టుగుడ్డ. దోమల మందు. ఎండకు పూసుకునే క్రీము, ఎందుకంటే పైకి పోయేకొద్దీ ఎండ ఎక్కువ కాలుస్తుంది. ఉన్ని టోపీ, చేతితొడుగులు, ఒక జత పొడిబట్టలు నీరు చొరని సంచిలో. తలకు కట్టుకునే టార్చిలైటు. రోజూ వేసుకునే మందులుంటే రెట్టింపు, సగం మీవాడి సంచిలో, సగం స్నేహితుడి సంచిలో.

అమ్మా, మీ అబ్బాయిని ఆపకండి. ఈ వయసులో చూడకపోతే ఎప్పుడు చూస్తాడు? కాని వాళ్ళు బయలుదేరే ముందు ఆ స్నేహితుణ్ణి ఒకసారి ఇంటికి భోజనానికి పిలవండి. ఇద్దరినీ పక్కపక్కన కూర్చోబెట్టి వడ్డించండి. అన్నాలయ్యాక ఈ పేజీ ఇద్దరిచేతా చదివించి, ఆ గీత మీద మీ వరండాలోనే చెరో పది అడుగులు నడిపించండి. నవ్వుతారు, నవ్వనివ్వండి. నేనూ నవ్వాను.